ఇల్లు చక్రాల మీద, కన్ను తలుపు మీద

ఇలా రండి వదినగారూ, పిట్టగోడ దగ్గరికి. కాఫీ గ్లాసు గోడ మీదే పెట్టండి, పడదులెండి. మీ అబ్బాయి జర్మనీ నుంచి ఫోన్ చేసి, ఈ వేసవికి మిమ్మల్నీ అన్నయ్యగారినీ పిలిపించుకుని మోటార్‌హోమ్‌లో ఫ్రాన్సూ స్పెయినూ తిప్పుతానన్నాడట! వీధంతటికీ తెలిసింది, నాకు తప్ప. ఇదేమన్నా న్యాయమా? ఆ దారిలో రెండుసార్లు తిరిగొచ్చిన మనిషిని పక్కింట్లో పెట్టుకుని ఎదురింటావిడకు ముందు చెప్తారా?

సరే, అలక తీరింది. ఇప్పుడు చెప్పండి, భయమేస్తోందా? దారిలో దొంగలుంటారని ఎవరో చెవిలో వేశారు కదూ? ఉంటారు. లేరని నేనెందుకంటాను? మన రైళ్ళలో లేరూ? రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, సూట్‌కేసుకు గొలుసేసి బెర్తు కింద తాళం బిగించకుండా ఏనాడైనా పడుకున్నామా? అలాగని ప్రయాణాలు మానుకున్నామా? గొలుసు బిగించాకే కదా హాయిగా నిద్ర పట్టేది. అక్కడా అంతే. గొలుసు ఎక్కడ బిగించాలో తెలిస్తే చాలు.

ముందు ఆ బండి సంగతి వినండి, దొంగలెక్కడికీ పోరు.

ఫియట్ డుకాటో అని ఒక వ్యాను ఉంటుంది, కొరియర్ వాళ్ళు సామాన్లు చేరవేసే రకం. దాని వీపు మీద ఇల్లు కట్టేస్తారు. అన్నీ దాని మీదే కట్టరనుకోండి, కానీ రోడ్డు మీద మీకు ఎదురయ్యే చాలావాటి ముఖం అదే. మూడున్నర టన్నులు దాటకపోతే మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. లోపల గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, సింకు, మంచాలు, స్నానాల గది. డ్రైవరు సీటూ పక్క సీటూ గిర్రున వెనక్కి తిప్పితే అదే హాలు! ఒకరోజు పొద్దుతిరుగుడు చేను పక్కన ఆపి ఉప్మాకు తాలింపు వేశానండీ. ఆవాలు చిటపటమంటున్నాయి, కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర పసుపు. మా ఆయన ఆ ఉప్మాను వంక పెట్టకుండా తిన్నారు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో అది రెండోసారి.

ఇంత ముద్దొచ్చే ఇల్లు దొంగకూ ముద్దొస్తుంది. మామూలు కారులో ఒక పెట్టో రెండు పెట్టెలో ఉంటాయి. దీంట్లో సంసారమంతా ఉంటుంది. పాస్‌పోర్టులు, ఫోన్లు, డబ్బు, మందులు, అన్నీ. నంబరు ప్లేటు చూడగానే పరాయి దేశం బండని తెలిసిపోతుంది. ఇక ఆ కిటికీలున్నాయే, అవి గాజువి కావు, రెండు పొరల ప్లాస్టిక్‌వి. గడియలూ ప్లాస్టిక్కే. మన పెరట్లో స్నానాల గది గడియ దానికంటే గట్టిది.

దారి భయం మనవాళ్ళకు కొత్తేం కాదులెండి. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర మీ బీరువాలో చూశాను నేను. నాకివ్వమంటే చదివి ఇస్తానన్నారు, ఇవ్వలేదు, ఆ మాట తర్వాత. ఆయన 1830లో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో, బోయీలతో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831లో ఇల్లు చేరారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనే రోజులవి. ప్రతి మజిలీ దగ్గరా ఓపిగ్గా రాసుకున్నారు, ఊరెలా ఉంది, నీళ్ళెలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అని. నాకు అది ఎంత నచ్చిందంటే, మా అమ్మాయితో, అల్లుడితో మొదటిసారి వెళ్ళినప్పుడు నేనూ ఒక పుస్తకం కొని గళ్ళు గీసుకున్నాను. మజిలీ, నీళ్ళు, పాలు, కుక్క, దొంగలు.

కుక్క గడి ఎందుకంటారా? కుక్క ఉన్న చోట నాకు నిద్ర పడుతుంది. పల్లెటూరి పుట్టుక నాది. దొంగల గడి మాత్రం మా అల్లుడు సరదాకి గీయించాడు. పదకొండు రోజులు అది ఖాళీగానే ఉంది. పన్నెండో రోజు రాద్దామంటే పుస్తకమే లేదు.

2019 జూన్. ఫ్రాన్సు దక్షిణాన ఏ9 అనే హైవే మీద స్పెయిన్ వైపు పోతున్నాం. ఆ దేశంలో హైవే పక్కన ఆగడానికి చోట్లుంటాయి, 'ఎర్' అంటారు. కొన్నింట్లో పెట్రోలు బంకు, హోటలు, జనం. కొన్నింట్లో చెట్లు, బల్లలు, మరుగుదొడ్డి, అంతే. మేం చెట్లున్న చోట ఆపాం, నీడ బాగుందని. పెరుగన్నం కలిపాను, మాగాయతో తిన్నాం. కాసేపు కాళ్ళు సాగదీద్దామని నేను దిగాను. తలుపు వేశాను. తాళం వేయలేదు.

డ్రైవరు కిటికీ దగ్గరికి ఒకావిడ వచ్చింది. పద్ధతైన మనిషి. మొహం నిండా నవ్వు, చేతిలో కాగితం మ్యాపు. దారి తప్పామంటోంది. మా అల్లుడు కిటికీ దించాడు. ఆవిడ మ్యాపు విప్పింది, విప్పింది, దుప్పటంత విప్పింది. మా అమ్మాయి వంగింది. మా ఆయన మంచం దిగి వచ్చి ఆయనా వంగారు. ఫోనులో వేలు పెడితే దొరికే ఊరికి దుప్పటంత మ్యాపెందుకని ఒక్కరికీ తట్టలేదు. మూడు బుర్రలూ దాని మీదే. అవతలి పక్క తలుపు తెరుచుకున్న చప్పుడు ఎవరూ వినలేదు. గుమ్మం పక్క కొక్కేనికి తగిలించిన నా సంచి పోయింది.

అందులో అరవై యూరోలు, చదివే కళ్ళజోడు, పిప్పరమెంట్లు, నా మజిలీల పుస్తకం. పాస్‌పోర్టులు లేవు. అవి మా ఆయన సీటు కింది అరలో పెట్టి, పైన తన మేజోళ్ళు కప్పి ఉంచారు. ఆ మేజోళ్ళను నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో! అరవై యూరోలకు ఏడవలేదు వదినగారూ, పుస్తకానికి ఏడ్చాను. ఆనెసీ సంతలో పుచ్చకాయ ధర, లియోన్ దగ్గర ఒక చిన్నపిల్లాడు నాకు నేర్పిన ఒకటి నుంచి పది దాకా అంకెలు, అన్నీ అందులోనే. ఆ తెలుగు అక్షరాలు వాళ్ళేం చేసుకుంటారు చెప్పండి?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళు తాళం పగలగొట్టలేదు, కత్తి చూపించలేదు. మా మంచితనమే వాళ్ళకు పెట్టుబడి అయింది. మన వీధిలో ఎవరైనా దారడిగితే ఏం చేస్తాం? సందు చివరిదాకా వెళ్ళి చూపించి వస్తాం. అది మానుకోమని నేను ససేమిరా చెప్పను. దారిలో మనిషికీ మనిషికీ మాట లేకపోతే ఇక ప్రయాణమెందుకు, టీవీలో చూడొచ్చు కదా! వరస మార్చండి, చాలు. ముందు తాళం, తర్వాత మర్యాద. కిటికీ రెండు వేళ్ళ సందు దించి మాట్లాడండి. ఒకరు జవాబు చెప్తుంటే ఇంకొకరు తలుపు చూడాలి. మా బండిలో ఇప్పుడు ఆ ఉద్యోగం నాది. ఎవరొచ్చి పలకరించినా సరే, నేను నవ్వుతూ వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడతాను. నవ్వుకు ఏ లోటూ రాదు, సంచీ ఎక్కడికీ పోదు.

రెండోసారి 2023లో వెళ్ళాం. సరిహద్దు దాటగానే లా జుంకేరా అని ఊరు. అక్కడి నుంచి బార్సిలోనా వైపు దిగే రోడ్డు పేరేమిటో తెలుసా? ఏపీ-7! ఆ బోర్డు చూడగానే మా ఆయన మొహం వెలిగిపోయింది, పుట్టింటి రోడ్డెక్కినట్టు. 2021 సెప్టెంబరు 1 నుంచి దాని మీద ఆ ముక్కకు టోలు కూడా తీసేశారని తెలిసి ఇంకా పొంగిపోయారు. పొంగిపోవచ్చు, తప్పులేదు. కానీ పరాయి దేశాల నంబరు ప్లేట్ల మీద కన్నేసే ముఠాలకు స్పెయిన్ హైవేలంటే మహా ఇష్టం. బ్రిటన్ ప్రభుత్వం తన జనానికిచ్చే ప్రయాణ సలహాల్లో కూడా వాళ్ళ గురించి హెచ్చరిస్తుంది.

వాళ్ళ పద్ధతి ఇదీ. మీరు కాఫీకి ఆగుతారు. మీరు లోపల కప్పు పట్టుకునే లోపు ఒకడు మీ వెనక చక్రానికి చిన్న గాటు పెడతాడు. మీరు బయల్దేరతారు. గాలి మెల్లగా దిగుతుంది. కొంత దూరం పోయాక ఒక కారు పక్కకొచ్చి హారను కొట్టి, చక్రం చూడమని సైగ చేస్తుంది. మీరు రోడ్డు పక్క ఆపుతారు. పాపం, వాళ్ళూ ఆపుతారు! ఒకడు జాకీ పట్టుకుని చెమటలు కక్కుతూ సాయం చేస్తుంటాడు. ఇంకొకడు అవతలి తలుపులోంచి సంచీ తీసుకుంటాడు. పని అయ్యాక మీరే వాళ్ళకు దణ్ణం పెట్టి సాగనంపుతారు. మళ్ళీ ఆ మంచితనమే చూడండి, ఎక్కడికక్కడ.

మాకు అందులో సగం జరిగింది. గిరోనా దాటాం. బూడిద రంగు కారొకటి పక్కన చేరింది. హారను. పక్క సీటువాడు చెయ్యి బయటపెట్టి మా వెనక చక్రం వైపు చూపిస్తున్నాడు. మొహంలో ఎంత ఆదుర్దా అండీ! సొంత మేనమామ కూడా అంత కంగారు పడడు. మా అల్లుడి కాలు బ్రేకు మీదకు పోయింది.

"ఆపకండి బాబూ," అన్నాను.

"నిజంగా పంచరైతే అత్తయ్యగారూ?"

"అయితే టైరే కదా పోయేది. పోనివ్వండి."

అతను వేగం తగ్గించి, రెండు పక్కల ఇండికేటర్లూ వేసి, కుడి వరసలోనే మెల్లగా పోనిచ్చాడు. ఆ కారు ముందుకెళ్ళి రోడ్డు పక్కన ఆగి, రమ్మని పిలిచింది. మేం దాటిపోయాం. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పిలిచింది. నా గుండె దడదడలాడుతోంది, చేతిలో నీళ్ళ సీసా మూత తిప్పేస్తున్నాను, అది ఎప్పుడో ఊడిపోయిందని కూడా తెలియలేదు. ఊళ్ళోకి దిగే దారి కనబడగానే దిగిపోయాం. వాళ్ళు తిన్నగా వెళ్ళిపోయారు. పెట్రోలు బంకులో లైట్లు, కెమెరాలు, ట్రాక్టరుకు డీజిలు కొట్టించుకుంటున్న ఒక ముసలాయన. అక్కడ ఆపి చూశాం. నాలుగు టైర్లూ డప్పుల్లా బిగువుగా ఉన్నాయి. మా ఆయన ఒక్కో టైరునూ తట్టి, చుట్టూ తిరిగి చూశారు, సంతలో గేదెను బేరమాడినట్టు. ఆ పూట అందరికీ ఐస్‌క్రీము నేనే కొనిపెట్టాను.

నిజంగానే పంచరైతే ఏం చేయాలంటారా? నెమ్మదిగా, జనమున్న చోటికి చేరే ప్రయత్నం చేయాలి. ఇంకో సంగతి, బండి తీసుకునేటప్పుడే అడగండి, స్టెప్నీ ఉందా లేదా అని. చాలా మోటార్‌హోమ్‌లకు స్టెప్నీ ఉండదు, సీసాలో నురగ మందు, గాలి కొట్టే చిన్న యంత్రం ఇస్తారంతే. ఆగక తప్పకపోతే, దిగేముందు అన్ని తలుపులకూ తాళం, తాళాలు జేబులో, మెరిసే పసుపు జాకెట్టు ఒంటి మీద. అందరూ రెయిలింగు అవతలకు వెళ్ళి నిలబడాలి, ఎందుకంటే అక్కడ దొంగ కన్నా వెనక నుంచి వచ్చే లారీ పెద్ద ప్రమాదం. ఫ్రాన్సు హైవేల పక్కన నారింజ రంగు ఫోను పెట్టెలుంటాయి, మీట నొక్కితే చాలు. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలోనైనా 112 ఒకటే నంబరు. మీ ఫోనులో ఇవాళే రాసుకోండి. ఇవాళే అన్నాను, వింటున్నారా?

దొంగ పోలీసులు కూడా ఉంటారు. అయితే అసలువాళ్ళను పోల్చుకోవడం కష్టమేం కాదు. స్పెయిన్‌లో పోలీసులు మామూలు రంగు కారులో వచ్చినా, వెనక అద్దంలో పోలీసనో గ్వార్దియా సివిల్ అనో అక్షరాలు వెలుగుతుంటాయి, నీలం లైటూ తిరుగుతుంటుంది. బార్సిలోనా చుట్టుపక్కల రోడ్ల మీద వాళ్ళ రాష్ట్ర పోలీసులు, మోసోస్ అంటారు, ఎక్కువగా కనిపిస్తారు. అసలు పోలీసు కాగితాలు చూపించమంటాడు. పర్సూ సంచీ తన చేతికిమ్మనడు. డబ్బు లెక్కపెట్టి చూస్తానన్నవాడు ఏ దేశంలోనూ పోలీసు కాడు.

మన భాషలో దొంగ అంటే దొంగిలించేవాడూ దొంగే, నకిలీదీ దొంగే కదా! అందుకే నేను 'దొంగ పర్సు' ఒకటి తయారుచేశాను. అది చెప్పకుండా మిమ్మల్ని వదలను, నాకంత ఇష్టం. పాత పర్సు తీసుకున్నాను. అందులో గడువు తీరిన లైబ్రరీ కార్డు, చీరల కొట్టువాడిచ్చిన కార్డు, పది యూరోల నోటొకటి, కాస్త చిల్లర, వెంకటేశ్వరస్వామి బొమ్మ ఒకటి. స్వామిని ఎందుకు పెట్టావని మా ఆయన కోప్పడ్డారు. తీసినవాడికి బుద్ధి కలుగుతుందేమోనని! తర్వాత మనసొప్పక బొమ్మ తీసేసి నా దగ్గరే పెట్టుకున్నాననుకోండి. ఆ పర్సు డాష్‌బోర్డు పక్కన అరలో ఉంటుంది. ఎవడైనా మీద పడితే అది ఇచ్చేసి ఊరుకోవడమే. అసలు డబ్బు నా బొడ్డుసంచిలో. మా అమ్మమ్మ పుట్టింటికి పోయేటప్పుడు కట్టుకునేది, రొంటిన దోపి పైన చీర కుచ్చిళ్ళు కప్పేస్తే ఇక దాని జాడ ఎవరికీ తెలియదు. ఈ కాలంలో అదే సంచిని వేలు పోసి కొంటున్నారు, నైలానుతో కుట్టి. నాది గళ్ళ లుంగీ ముక్కతో నేనే కుట్టుకున్నాను. మీకూ ఒకటి కుడతాను, నడుము కొలత ఇవ్వండి. అబద్ధం కొలత ఇవ్వకండి, సరిపోదు.

బంగారం సంగతి మళ్ళీ మళ్ళీ చెప్తున్నానని విసుక్కోవద్దు. గాజులు, నల్లపూసలు, ఆ నాలుగు పేటల గొలుసు, అన్నీ బ్యాంకు లాకర్లో. పుస్తెలు పసుపుతాడుకు గుచ్చుకుని జాకెట్టు లోపలికి వేసుకోండి, మేమంతా అలాగే వెళ్ళాం. పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు అన్నయ్యగారి ఫోనులోనూ మీ ఫోనులోనూ అబ్బాయి దగ్గరా ఉండాలి. పాస్‌పోర్టే పోతే స్పెయిన్‌లో మన రాయబార కార్యాలయం మాడ్రిడ్‌లో ఉంది, ఇంటికి తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అని ఒకటి ఇస్తారు. దానికీ ఇన్సూరెన్సుకూ ముందు స్థానిక పోలీసుల దగ్గర ఫిర్యాదు కాగితం కావాలి. స్పెయిన్‌లో దాన్ని 'దెనున్సియా' అంటారు. ఆ మాట ఒక్కటి నోటికి వస్తే చాలు, స్టేషన్లో దారి చూపిస్తారు.

బార్సిలోనాలోకి మాత్రం బండి తీసుకెళ్ళకండి. సముద్రం ఒడ్డున ఆపి సగ్రాదా ఫమీలియా చర్చి చూసొస్తామంటే కుదరదు. వచ్చేసరికి కిటికీ తెరిచి ఉంటుంది. ఊరికి ఉత్తరాన తీరం పొడవునా ఊళ్ళు, క్యాంపు స్థలాలు ఉన్నాయి. అక్కడ కాపలా ఉన్న చోట బండి పెట్టి, మటారో వైపు నుంచి వచ్చే ఆర్1 లోకల్ రైలెక్కండి. అబ్బ, ఆ రైలు ప్రయాణం! పట్టాల పక్కనే ఇసుక, ఇసుక పక్కనే సముద్రం. సగ్రాదా ఫమీలియా కోసం బయల్దేరి, మధ్యలో దిగి అలల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం మేము. చర్చి మర్నాడు చూశాం. 1882లో మొదలుపెట్టిన కట్టడం, మా కోసం ఒక్కరోజు ఆగదా?

రాత్రి సంగతికి వస్తున్నాను. ఇదే అసలైనది.

హైవే పక్కన పడుకోకండి. ఎంత అలసటగా ఉన్నా, ఎన్ని లారీలు తోడున్నా సరే. అక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ కారు. రాత్రికి వచ్చినవాడు తెల్లారి వెళ్ళిపోతాడు, కొత్త మొహం చూసి 'ఎవరు నువ్వు' అని అడిగే మనిషే ఉండడు. దొంగకు అంతకంటే ఏం కావాలి? అదే ఒక కిలోమీటరు లోపలికి ఊళ్ళోకి వెళ్ళండి. కొత్తవాడు కనిపిస్తే కిటికీలో తెర కదులుతుంది. మన అరుగుల మీద ముసలమ్మల్లాంటివాళ్ళు అక్కడా ఉన్నారు వదినగారూ, వాళ్ళ చూపును దాటి చీమ కూడా పోలేదు. ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో మన పంచాయతీ ఆఫీసులాంటివాళ్ళే ఈ బళ్ళకోసం చోటు చూపిస్తారు, నీళ్ళు పట్టుకోవచ్చు, మురుగు వదలొచ్చు. పొద్దున్నే బేకరీలో రొట్టె వాసన. జర్మనీలో అలాంటి చోటును 'ష్టెల్‌ప్లాట్స్' అంటారు. పొద్దుగుంకక ముందే చేరిపోవాలి, చీకట్లో చోటు వెతుక్కోకూడదు. చేరాక బండి ముఖం రోడ్డు వైపు పెట్టించండి. తిప్పిన సీట్లు పడుకునేముందు మళ్ళీ ముందుకు తిప్పేయాలి. ఏదైనా తేడా అనిపిస్తే కిందికి దిగకుండా, హారను కొట్టుకుంటూ వెళ్ళిపోవడానికన్నమాట.

పడుకునేముందు మా అల్లుడు చేసే పని చూస్తే మీకు ముచ్చటేస్తుంది. లారీల మీద సరుకు బిగించే పట్టీ ఉంటుందే, మీట ఆడిస్తే కటకటమంటూ బిగుసుకునేది, అది తెస్తాడు. డ్రైవరు తలుపు పిడిలోంచి ఒక కొస, అవతలి తలుపు పిడిలోంచి ఇంకో కొస దూర్చి, మధ్యలో కటకటకట బిగిస్తాడు. వీణ తీగలా మోగుతుంది మీటితే. ఇక బయట తాళం ఎవడెంత తిప్పినా రెండు తలుపులూ ఒకదాన్నొకటి లాగిపట్టుకుంటాయి. కొత్తగా పెళ్ళయిన జంటలా! వెనక తలుపుకు లోపలి నుంచి అదనపు గడియ ఒకటి. వెండి రంగు పరదాలు అద్దాలకు అంటిస్తే లోపల ఎందరున్నారో బయటకు తెలియదు. గుమ్మం బయట మా ఆయన పెద్ద బూట్లు. అంతే, దీపం ఆర్పేస్తాం. రాత్రిపూట ఎప్పుడు మెలకువ వచ్చినా నేను ఆ పట్టీని ఒకసారి మీటి చూసుకుని పడుకుంటాను.

మత్తు గ్యాసు వదిలి దోచుకుంటారని మీ తమ్ముడుగారు చెప్పారా? చెప్పే ఉంటారు. అందరూ చెప్తారు. బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల సంస్థ, రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థటిస్ట్స్, అది కుదిరే పని కాదని ఎప్పుడో తేల్చి చెప్పింది. బండి నిండా మత్తు నింపాలంటే ఎంత మందు కావాలి! ఈథర్ వాసనకు పడుకున్నవాడు లేచి కూర్చుంటాడు. రాత్రి దొంగలు పడినా మెలకువ రాకపోవడానికి కారణం రోజంతా తిరిగిన అలసట, పైన భోజనం. భయపడాల్సింది మన సొంత సిలిండరుకు. గ్యాసు లీకైతే కూసే అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో మీట నొక్కి చూసుకోండి.

మంచి మజిలీ ఒకటి చెప్పి వదిలేస్తాను. ఫ్రాన్స్ పాసియన్ అని ఉంది. ఏడాదికోసారి రుసుము కట్టి చేరితే, దేశమంతా రైతుల, ద్రాక్షతోటల జాబితా ఇస్తారు. వాళ్ళ దొడ్లో ఒక రాత్రి బండి పెట్టుకోవచ్చు, ఊరికే. కొనాలనే నిబంధన కూడా లేదు. బండికి సొంత మరుగుదొడ్డి ఉండాలి, వెళ్ళగానే ఇంటివాళ్ళను పలకరించాలి, అంతే.

స్పెయిన్ నుంచి తిరిగొస్తూ ఏపీ-7 వదిలేసి, సముద్రం పక్కన కొండల మీద మెలికలు తిరిగే పాత రోడ్డు పట్టుకుని పోర్‌బూ మీదుగా ఫ్రాన్సులోకి దాటాం. ఎక్కువ సమయం పట్టింది, ఎవరికి తొందర? కొల్యూర్‌లో ఆగి, కార్కసోన్‌కు తూర్పున ఉన్న మినెర్వువా ద్రాక్షతోటల్లోకి చేరాం. దగ్గర్లోనే కెనాల్ దు మిది. 240 కిలోమీటర్ల కాలువ, 1681కే తవ్వేశారు, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో అయిందనుకుంటే నూట డెబ్భై ఏళ్ళ ముందు. గట్టున నిలబడితే నాకు మన కాలువ గట్టే అనిపించింది, లాకులు కూడా అలాగే.

తోట యజమాని గేటు తీసింది. ఆవిడ వెనకే మాసిన దూది మూటలా ఒక కుక్క. మా బండి చుట్టూ తిరిగి, ఒక్కో టైరునూ వాసన చూసి, మా ఆయన బూట్ల పక్కన పడుకుంది. పేరు ఫిలూ అంది ఆవిడ. నేను పెసలు నానబెట్టి ఉంచాను, పెసరట్లు పోశాను. ఆవిడకు రెండు పెట్టాను, తిని చేతులతో ముద్దు విసిరింది. ఇంకో పెసరట్టు మా ఆయనకని మెట్టు మీద పళ్ళెంలో పెట్టి, పచ్చడి తేవడానికి లోపలికి తిరిగాను. తిరిగి చూసేసరికి పళ్ళెం ఖాళీ. పేరుకు అర్థమేమిటని మా అమ్మాయి ఫోనులో వెతికింది. వెతికి, నవ్వాపుకోలేక ఫోను నా చేతికిచ్చింది. గడుసు దొంగ అట!

ఆ రాత్రి కొత్త పుస్తకం తీశాను. మా అల్లుడు పట్టీ బిగిస్తున్నాడు, కటకటమని. టార్చి వెలుతురులో గళ్ళు నింపాను. మజిలీ: మినెర్వువా, ద్రాక్షతోట. నీళ్ళు: మంచివి, చల్లగా ఉన్నాయి. పాలు: లేవు, మేకపాల చీజు ఇచ్చారు. కుక్క: ఉంది. దొంగలు: ఒకడు. మా గుమ్మం ముందే పడుకున్నాడు.